అడుగంటిన గిన్నెకు బూడిదా, సోడానా?

గుణుపురం కోడలు:
పాయసం గిన్నె అడుగంటింది. అత్తయ్య బూడిదతో తోమమంటున్నారు. ఆడపడుచేమో వంటసోడా మీద వెనిగర్ పోస్తే ఆ నురగకే ఊడిపోతుందంటోంది. మా ఇంట్లో సగం గిన్నెలు స్టీలువి, సగం అల్యూమినియంవి. ఎవరి మాట వినాలి?

బరంపురం బాబాయి:
అత్తయ్య మాటే వినమ్మా. కట్టెల బూడిదలో క్షారం ఉంటుంది, జిడ్డును విరిచేస్తుంది. పైగా మెత్తటి పొడి. జల్లించి కొబ్బరి పీచుతో తోమితే గిన్నె అద్దమే. ఈ వెనిగర్లూ గట్రా ఫోన్లో చూసి నేర్చుకున్నవి.

పర్లాకిమిడి వదిన:
క్షారం ఉందని మీరే అన్నారు బాబాయిగారూ, అల్యూమినియానికి పడనిది అదే. మా పక్కింట్లో అల్యూమినియం డేగిసాలో చాకలి సోడా వేసి మరిగించారు. నీళ్లు నిలిచినంత మేరా నల్లబడింది, పై అంచు మాత్రం తెల్లగానే ఉంది. గీత గీసినట్టు తెలుస్తోంది. మాడు పోయింది, మచ్చ మిగిలింది. అల్యూమినియానికి పులుపే నయం. చింతపండు నీళ్లో, పఖాళ (నీళ్లలో పులిసిన చద్దన్నం) తిన్నాక మిగిలిన తొరాణో (ఆ పుల్లటి నీళ్లు) పోసి ఓ రాత్రి నానబెట్టి, పొద్దున కాసేపు మరిగించండి.

ఇక సోడా, వెనిగర్ కలిపితే ఒకదాని బలం ఒకటి తీసేస్తుంది. నురగంతా కార్బన్ డయాక్సైడ్. అది తేలిపోయాక సోడియం అసిటేట్ కలిసిన నీళ్లే మిగులుతాయి. చూడ్డానికి మాత్రం బాగుంటుంది.

రాయగడ టిఫిన్ సెంటర్:
మాకిది రోజూ ఉండే పనే. గిన్నె కాలుతుండగా చన్నీళ్లు పోయొద్దు, పల్చటి స్టీలైతే అడుగు వంగిపోతుంది, ఆ తర్వాత పొయ్యి మీద నిలకడగా కూర్చోదు. చల్లారాక మాడు మునిగేలా నీళ్లు పోసి, స్టీలైతే రెండు చెంచాల వంటసోడా వేసి, పది నిమిషాలు మరగనివ్వండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే చెక్క అట్లకాడతో నెట్టాలి. పాల మాడైతే కాలిన దోసెలా పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది. లేవకపోతే మళ్లీ మరిగించాలి గానీ స్టీలు పీచు పట్టి యుద్ధం చేయకూడదు. నాన్‌స్టిక్ అయితే ఆ పీచు దగ్గరికే రానివ్వొద్దు. ఇనప మూకుడు రాత్రంతా నానిందంటే తెల్లారేసరికి తుప్పు.

బరంపురం బాబాయి:
చింతపండు కొత్తగా కనిపెట్టినట్టు చెప్తున్నారు. మా అమ్మ ఇత్తడి బిందెలు దాంతోనే తోమేది.

పర్లాకిమిడి వదిన:
ఇత్తడి మీద పులుపు తీసేది చిలుమును బాబాయిగారూ, మాడును కాదు. మన గంజాం బెల్లగుంఠ ఇత్తడి చేప ఉంటే దాని పొలుసులకు చింతపండు రాయండి, తళతళలాడుతుంది. మాడును మాత్రం నానబెట్టి, మరిగించి మెత్తబరచాల్సిందే. అల్యూమినియం నల్లబడకుండా ఉంటుందనే దానికి పులుపు చెప్పాను.

బరంపురం బాబాయి:
సరే, అల్యూమినియం వదిలేస్తున్నా. స్టీలుకు మాత్రం బూడిద మానను. మీ సోడా కొనాలి, నా బూడిద పొయ్యిలోనే ఉంది.

గుణుపురం కోడలు:
మాది గ్యాస్ పొయ్యి బాబాయిగారూ! పాయసం గిన్నె స్టీలుదే, సోడా వేసి పొయ్యి మీద పెట్టాను. అత్తయ్య చూడకముందే తేలాలి.