బెజవాడలో వాల్వ్ ఆంప్: కొనాలా, చేయించుకోవాలా?

పటమట_శ్రోత:
ఘంటసాల పాటలు, వీణ కచేరీలు వినడానికి చిన్న వాల్వ్ ఆంప్ (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే ఆంప్లిఫయర్) కావాలి. ఈఎల్84 వాల్వుదా, 300బి వాల్వుదా? స్పీకర్లు 86 డీబీ (ఒక వాటుకి మీటరు దూరంలో వచ్చే శబ్దం). చిన్న గది, ఏసీ లేదు. మే నెలలో దాని పక్కన కూర్చోగలమా? పాత ఇల్లు, ఎర్తింగ్ కూడా అనుమానమే.

బ్రాడీపేట_బాబాయ్:
300బి సింగిల్ ఎండెడ్, అంటే ఒక్కో స్పీకర్‌ని ఒక్క వాల్వే నడిపేది, 8 వాట్లు తమ్ముడూ. 86 డీబీ స్పీకర్లతో మూల పడుకున్న పిల్లి కూడా లేవదు. ముందు స్పీకర్లు మార్చు.

ఫీడ్‌బ్యాక్_వద్దు:
లెక్క వేసి మాట్లాడండి బాబాయ్. 8 వాట్లకి మీటరు దూరంలో 95 డీబీ వస్తుంది. వీణకి చాలదా? మీకు కావాల్సింది పెళ్లి బ్యాండు.

రాగితీగ:
అసలు కొనడం దేనికి? మా వీధిలో స్టెబిలైజర్లు చుట్టే మేస్త్రి చేత అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు (వాల్వు నుంచి స్పీకర్‌కి పాటని దాటించేవి) చుట్టించుకున్నా. రేకులు, బాబిన్, తీగ అన్నీ ఆయనవే. సింగిల్ ఎండెడ్ ఈఎల్34. అమృతంలా పాడుతోంది.

సైన్‌వేవ్_గుంటూరు:
స్టెబిలైజర్ చుట్టే చేత్తోనా! అక్కడ 50 హెర్ట్జ్ ఒక్కటి దాటితే చాలు. ఇక్కడ 20 నుంచి 20,000 దాకా దాటాలి. ప్రైమరీ (వాల్వు వైపు తీగ), సెకండరీ (స్పీకర్ వైపు తీగ) ఒక పొర ఇది, ఒక పొర అది అన్నట్టు మార్చి మార్చి చుట్టకపోతే కంజీర గజ్జెలు మూగబోతాయి. ఇంతకీ రేకుల మధ్య ఎయిర్ గ్యాప్ వదిలారా?

రాగితీగ:
గ్యాప్ ఎందుకండీ? రేకులు ఎంత బిగిస్తే అంత మంచిదని మేస్త్రే అన్నారు.

సైన్‌వేవ్_గుంటూరు:
అదీ సంగతి. సింగిల్ ఎండెడ్‌లో వాల్వు డీసీ ప్రైమరీ గుండా ఎప్పుడూ ఒకే వైపు పోతుంటుంది. గ్యాప్ లేకపోతే కోర్, అంటే ఆ రేకుల దొంతర, సాచురేట్ అయి (ఇక అయస్కాంతం పట్టక) బేస్ పోతుంది. జంట వాల్వుల పుష్‌పుల్‌లో అయితే రెండు వైపుల డీసీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, కాబట్టి బిగించుకోవచ్చు. మీ ఆంప్‌లో మృదంగం ఎడమ మూత గంభీర నాదం వినిపిస్తోందా?

రాగితీగ:
మా ఇంటికొచ్చి విని మాట్లాడండి. మీటర్లు పట్టుకుని సంగీతం వినేవాళ్లతో నాకు వాదన లేదు.

మాజీ_రేడియో_మెకానిక్:
మీరంతా పుట్టకముందే వాల్వు సెట్లు విప్పినవాణ్ణి, నా మాట వినండి. మన విజయవాడ రేడియో కేంద్రం మొదలైన 1948 నాటికి సెట్లన్నీ వాల్వులవే. అంతకు ముందు ఏడాదే వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో విలియమ్సన్ అనే ఆయన తన ఆంప్ సర్క్యూట్ వేశాడు. కేటీ66 వాల్వుల జంట, 20 డీబీ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు దిద్దడం). ఆ ఫీడ్‌బ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా చుట్టి వస్తుంది. అది నాసిరకమైతే ఆంప్ పాడదు, ఊళ వేస్తుంది. ఇక బెంగళూరు బీఈఎల్ వాల్వుల సంగతి చెప్పాలంటే...

కృష్ణలంక_కుర్రాడు:
సార్, అది రేపు చెప్పండి. నేను ఆన్‌లైన్‌లో చవగ్గా ఒకటి తెప్పించా. వాల్వులు నారింజ రంగులో ధగధగ. అడుగున మూత తీస్తే ఒక్కో సాకెట్ కింద ఒక్కో ఎల్ఈడీ! స్పీకర్లని నడిపేది చిప్పు.

బ్రాడీపేట_బాబాయ్:
సౌండ్ ఎలా ఉంది మరి?

కృష్ణలంక_కుర్రాడు:
బాగానే ఉంది. అదే కదా నా ఏడుపు.

ఫీడ్‌బ్యాక్_వద్దు:
చిప్పుకి ఆ తీపి రాదు. 300బి లాంటి సింగిల్ ఎండెడ్ ట్రయోడ్‌లో ఎక్కువగా పుట్టేది సెకండ్ హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ. షడ్జానికి తారస్థాయి షడ్జం తోడైనట్టే, చెవికి గుచ్చుకోదు.

సైన్‌వేవ్_గుంటూరు:
అంటే డిస్టార్షన్‌ని డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు.

ఫీడ్‌బ్యాక్_వద్దు:
మా డబ్బు, మా డిస్టార్షన్. మీకెందుకండీ టెన్షన్?

పటమట_శ్రోత:
ఎండాకాలం సంగతి ఎవరైనా చెప్తారా?

అరండల్‌పేట_అక్క:
ఈఎల్34 ఒక్కదాని హీటరే 9 వాట్లకి పైన తింటుంది. క్లాస్ ఎ (వాల్వు ఎప్పుడూ కరెంటు లాగుతూనే ఉండే పద్ధతి) అయితే పాట ఉన్నా లేకపోయినా అంతే వేడి. మేము మేలో తెల్లవారుజామున వింటాం, తొమ్మిదికి కట్టేస్తాం. దానికన్నా మీరు ఎర్తింగ్ అనుమానమని రాశారే, ఇంతమంది వాదించుకున్నారు గానీ ఒక్కరూ పట్టించుకోలేదు. లోపల 300, 400 వోల్టుల డీసీ ఉంటుంది. ఆపేసినా కెపాసిటర్లలో నిలిచి ఉండొచ్చు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి, ఆంప్ తర్వాత. పిల్లలుంటే వాల్వుల మీద జాలీ కూడా పెట్టించండి.

రాగితీగ:
సైన్‌వేవ్ గారూ, కోపం లేదు గానీ, గ్యాప్‌లో కాగితం పెట్టాలంటే ఎంత మందం?

సైన్‌వేవ్_గుంటూరు:
డీసీ ఎంత, కోర్ సైజెంత, ప్రైమరీ ఎన్ని చుట్లు?

రాగితీగ:
చుట్లు ఆయన లెక్కపెట్టరండీ. తీగ తూకం వేసి చుడతారు.

సైన్‌వేవ్_గుంటూరు:
తూకమా!!