1902 నాటి గుంటూరు ప్లీడర్ల పేర్లు ఏ రిజిస్టరులో దొరుకుతాయి?

గుంటూరు మున్సిఫ్ కోర్టులో 1902లో దాఖలైన ఒక వకాల్తా నామా చూస్తున్నాను. ఎనిమిదణాల స్టాంపు, కింద సంతకం, "సెకండ్ గ్రేడ్ ప్లీడరు" అన్న మాట బాగానే కనిపిస్తున్నాయి. ఇంటిపేరు మీదే సిరా చెదిరింది. మొదటి రెండక్షరాలు మాత్రమే తేలాయి.

మద్రాసు లా జర్నల్ పాత సంపుటాలు తిరగేశాను. వాటిలో హైకోర్టులో వాదించినవారి పేర్లే ఉన్నాయి. హైకోర్టు వకీళ్ల జాబితాలోనూ లేదు. ఉండదు కూడా, ఎందుకంటే కింది కోర్టుల్లో వాదించే ప్లీడర్ల వరస వేరు. 1879 లీగల్ ప్రాక్టీషనర్ల చట్టం ప్రకారం వాళ్ల సర్టిఫికెట్టు ఆ క్యాలెండరు సంవత్సరాంతం వరకే చెల్లేది. తర్వాత జిల్లా జడ్జి రెన్యూ చేసి హైకోర్టుకు తెలియజేయాలి. అంటే రెండు చోట్ల దాఖలా మిగిలే వీలుంది.

గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అందుకే గుంటూరు జిల్లా కోర్టు రికార్డు రూములో వెతికించడం వృథా అయింది. 1902లో ఇక్కడి ప్లీడర్లు మచిలీపట్నంలోని కృష్ణా జిల్లా కోర్టు కిందివారు.

1904కు ముందరి ఈ రెన్యూవల్ రిజిస్టర్లను మచిలీపట్నం రికార్డు రూములో గానీ, చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో గానీ స్వయంగా చూసినవారు ఎవరైనా ఉన్నారా, ఉంటే ఏ పేరుతో అడగాలి?