మిర్చి యార్డు విలన్ మారాడంటే నమ్మించడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డు నేపథ్యంగా 24 అధ్యాయాల నవల రాస్తున్నాను, సలహా కావాలి. విలన్ ఒక కమీషన్ వ్యాపారి. టిక్కీకి (మిర్చి బస్తాకి) కిలో చొప్పున తూకంలో కొట్టేస్తాడు, మంచి కాయని తాలు (రంగుపోయిన నాసిరకం కాయ) కింద రాస్తాడు, అప్పు పెట్టి రైతుని కట్టేసుకుంటాడు. 7వ అధ్యాయంలో ఒక రైతు పొలం పోతుంది. 19లో విలన్ మారాలి.

మొదటి ప్రతిలో కూతురు చనిపోయి మారతాడు. తేలిపోయింది. దుఃఖం అతనికి జరిగిందే తప్ప అతను చేసిందేం లేదు. జాలి పుట్టింది, నమ్మకం పుట్టలేదు. రెండో ప్రతిలో హీరోకి అడ్డంపడి కత్తిపోటుకు చచ్చిపోతాడు. చస్తే బాకీ తీర్చే పనే ఉండదు, అదీ తప్పించుకోవడమే.

ఇప్పుడు 5, 9, 14 అధ్యాయాల్లో అతని కరకుతనానికి చిన్న చిన్న బీటలు పెట్టాను. ఒక ముసలాయనకి సరైన తూకం వేస్తాడు, మర్నాడు ఆ నష్టం ఇంకో రైతు మీద రాబట్టుకుంటాడు. 19లో చిట్టాలు తనే బయటపెడతాడు, లైసెన్సు పోతుంది. బుద్ధుడి కథల్లో హంతకుడు అంగుళిమాలుడు భిక్షువయ్యాక కూడా జనం రాళ్లతో కొట్టారు కదా, ఆ దెబ్బలే ఆ కథకి ప్రాణం. ఆ బరువే నాకూ కావాలి.

పొలం పోయిన రైతు భార్య క్షమించకూడదు, ఇందులో రాజీ లేదు. మరి చివరి 5 అధ్యాయాలు ఎవరి కళ్లతో చెప్పాలి? విలన్ డబ్బు తెస్తే ఆమె మాట్లాడకుండా లెక్కపెట్టుకుని తలుపేసుకుంటే చాలా? యార్డు లెక్కలు తెలిసినవాళ్లు ఇంకొకటి చెప్పండి: చిట్టాలో ఏ ఒక్క పద్దు చూపిస్తే మోసమంతా పాఠకుడికి అర్థమవుతుంది?