టెక్సస్: ఏఆర్‌డీ మీటింగ్‌కి ముందే స్పీచ్ థెరపీ లాగ్‌లు రాబట్టడం ఎలా?

మా బాబు సెకండ్ గ్రేడ్, పబ్లిక్ స్కూలు. ఐఈపీలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి స్కూలు రాసే విద్యా ప్రణాళిక) స్పీచ్ థెరపీ వారానికి రెండుసార్లు, 30 నిమిషాల చొప్పున. ఏఆర్‌డీ మీటింగ్ (టెక్సస్‌లో ఐఈపీ మీటింగ్‌ని ఇలా అంటారు) అక్టోబర్ 24న.

అక్టోబర్ 1న ఫైలు మొత్తం కావాలని ఈమెయిల్ పెట్టాను. 15న 41 పేజీల పీడీఎఫ్ వచ్చింది. ఐఈపీ, ఎవాల్యుయేషన్ రిపోర్టు, ప్రోగ్రెస్ రిపోర్టులు ఉన్నాయి, సెషన్ లాగ్‌లు లేవు. ప్రోగ్రెస్ రిపోర్టుల్లో ప్రతి గోల్ పక్కనా "పురోగతి ఉంది" అన్న ఒకే ముక్క. ఏ తేదీన ఎన్ని నిమిషాలు చెప్పారో చూడకుండా దాన్ని ఒప్పుకోలేను.

మళ్లీ అడిగితే, అవి థెరపిస్టు సొంత నోట్స్ అనీ, పైగా 45 రోజుల గడువు ఉందనీ జవాబిచ్చారు. విద్యార్థి రికార్డుల ఫెడరల్ చట్టం ఫెర్పాలో, సొంత నోట్స్ చూపించనక్కర్లేదన్న మినహాయింపు రాసినవాళ్ల దగ్గరే ఉండిపోయే నోట్స్‌కే. మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) బిల్లింగ్‌కి మా చేత సంతకం పెట్టించుకున్నారు; బిల్లింగ్‌కి వెళ్లే లాగ్ సొంత నోట్స్ ఎలా అవుతుంది? 45 రోజులు గరిష్ఠ గడువు మాత్రమే. ప్రత్యేక విద్య ఫెడరల్ చట్టం ఐడియా కింది నిబంధన 300.613 ప్రకారం ఐఈపీ మీటింగ్‌కి ముందే చూపించాలి. ఇదంతా 16న రాశాను. కాపీలు ఇవ్వకపోయినా ఆఫీసుకొచ్చి చూసుకుంటానన్నాను. ఉలుకూ పలుకూ లేదు. టెక్సస్ విద్యాశాఖ టీఈఏకి ఫిర్యాదు చేస్తే తేలేసరికి 60 రోజులు, మీటింగ్ అయిపోతుంది.

ఇలాంటి చోట లాగ్‌లు సంపాదించిన తల్లిదండ్రులకి ఏది పనిచేసింది: మీటింగ్ వాయిదా కోరుతూ ముందే రాయడమా, మీటింగ్‌లో అసమ్మతి నమోదు చేయించి 10 స్కూలు రోజుల విరామం తీసుకోవడమా?