గ్రీన్‌హౌస్‌లో నీళ్ల డ్రమ్ములు పెట్టినా తెల్లవారుజామున చలి తగ్గట్లేదు, ఏం చేయాలి?

నాది 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున్న చిన్న గ్రీన్‌హౌస్. పైన ఒకే పొర పాలిథిన్ షీటు. లోపల టమాటా, మిరప నారు ఉంది. పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతాయని ఉత్తరం గోడ పక్కన 200 లీటర్ల డ్రమ్ములు ఆరు పెట్టి, నల్ల రంగు వేసి, నిండా నీళ్లు పోశాను.

సాయంత్రం డ్రమ్ములో నీళ్లు 19 డిగ్రీలు, పొద్దున 13. అంటే లెక్క ప్రకారం రాత్రంతా కలిపి సుమారు 8 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి బయటికొచ్చింది. అయినా నాలుగింటికి బయట 2 డిగ్రీలుంటే లోపల 5 మాత్రమే! డ్రమ్ములో నీళ్లు మాత్రం ఇంకా లోపలి గాలి కన్నా వెచ్చగానే ఉంటాయి, అయినా పక్కనే మిరప ఆకులు ముడుచుకుని వేలాడుతుంటాయి. రోజూ అదే టెన్షన్.

నా అనుమానం షీటు మీదే. వచ్చిన వేడి వచ్చినట్టే పోతోందేమో. ముందు రెండో పొర వేసి మధ్యలో గాలి ఖాళీ ఉంచాలా, లేక డ్రమ్ములు పెంచాలా? పెద్ద డ్రమ్ముల బదులు చిన్న క్యాన్లు పెడితే ఉపరితలం పెరిగి వేడి త్వరగా వస్తుందా?

రాళ్లు వద్దనుకున్నాను, అదే చోటులో నీళ్లు పట్టేంత వేడిలో సగం కూడా పట్టవు. పగలు పైకి చేరే వేడి గాలిని ఫ్యానుతో మట్టి కింది పైపుల్లోకి పంపే పద్ధతి ఎవరైనా వాడారా? పైపులు ఎంత లోతున వేశారు, లోపల తేమ చేరి బూజు పట్టలేదా?