ఇద్దరికీ అతీంద్రియ శక్తి ఉంటే ప్రేమకథ నడిచేదెలా? (వైజాగ్ క్రైమ్ సీరియల్)

కూర్మన్నపాలెం రాత్రిబస్సు:
అందరికీ నమస్తే. డ్యూటీ దిగి బస్సులో ఇంటికొస్తూ ఫోన్లో సీరియల్ రాస్తుంటాను. పదకొండో భాగం దగ్గర ఆగిపోయాను. కథ ఇదీ. మే నెలలో ఒక రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఓనరు దగ్గర పనిచేసే గుమస్తా మాయమవుతాడు. మూడో రోజు యారాడ ఒడ్డుకి శవం కొట్టుకొస్తుంది. సుభద్ర ఏ వస్తువు ముట్టుకున్నా దాన్ని అంతకుముందు పట్టుకున్న మనిషి కనిపిస్తాడు. చంద్రానికి ఎదుటివాళ్ళ మనసులో మాట వినిపిస్తుంది. ఇద్దరూ పోలీసులకి చాటుగా సాయం చేస్తుంటారు.

పాఠకులు చంపుతున్నారు. అందరి మనసులూ వినేవాడికి హంతకుడు మొదటి భాగంలోనే దొరకాలి కదా అంటారు. పోనీ, ఆమె ప్రేమ కూడా వినేసుంటాడుగా, ఇంకా ఎందుకు సాగదీత అంటారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. వాళ్ళు మొదట కలిసింది జగదాంబ జంక్షన్లో, వానలో, ఆమె ఆటోలో మర్చిపోయిన గొడుగు అతను తెచ్చిచ్చినప్పుడు. ఆ సీన్ మాత్రం మార్చమనకండి, అదొక్కటే బాగా కుదిరింది.

పెదజాలరిపేట పిల్ల:
మే నెలలో బోటా! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదండీ. మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మా నాన్న ఆ రెండు నెలలూ వలలు బాగుచేసుకుంటూ అమ్మని సతాయిస్తాడు. కానీ ఇది మీకు కలిసొచ్చే తప్పు. వేటే లేనప్పుడు బోటులోకి ఐసు ఎవరు ఎక్కిస్తారు? కట్టేసిన ఒక్క బోటు ఐసు గదిలో మాత్రం నీళ్ళు చల్లగా ఉన్నాయనుకోండి, శవాన్ని దాచింది అక్కడేనని దొరికిపోతుంది. చంద్రాన్ని పూర్ణా మార్కెట్లో తిప్పండి. అక్కడ బయటి అరుపులకే చెవులు పోతాయి, లోపలివి కూడా వింటే హంతకుడి గొంతు ఏదో ఏం తెలుస్తుంది?

రిటైరైన హెడ్డు:
హెడ్ కానిస్టేబుల్‌గా కోర్టు డ్యూటీ తొమ్మిదేళ్ళు చేశాను. సాక్షి తన కంటితో చూసింది, చెవితో విన్నదే చెప్పాలి. అందుకని వాళ్ళిద్దర్నీ బోనెక్కించకండి. నేరం గురించిన సమాచారం ఎవరిచ్చారో చెప్పమని పోలీసుని బలవంతపెట్టకూడదు, పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 125. ఎస్సై ‘నమ్మదగిన సమాచారం’ అని రాసుకుని, మధ్యవర్తుల్ని, అంటే సోదాకి సాక్షులుగా ఉండే బయటివాళ్ళని, వెంటబెట్టుకుని బోటు సోదా చేస్తాడు. కేసు అక్కడ దొరికినదాని మీద నడుస్తుంది.

మా రోజుల్లో ఇంట్లో నగ పోతే ముందు అంజనం వేయించుకుని, తమలపాకులో ఎవడో కనబడ్డాడని అప్పుడు స్టేషన్‌కొచ్చేవాళ్ళు. ఫిర్యాదులో మేం ఆ ఆకు సంగతి రాసేవాళ్ళం కాదు. సుభద్ర అమ్మమ్మ అంజనం వేసేదని పెట్టండి, మన నేల వాసన వస్తుంది.

ఇంకోటి, సెక్షన్ 122. కాపురంలో మొగుడూ పెళ్ళాం ఒకరికొకరు చెప్పుకున్న మాట బయటపెట్టమని కోర్టు బలవంతం చెయ్యదు. పెళ్ళికి ముందు చెప్పుకున్నదానికి ఆ రక్షణ లేదు. 2024 జూలై 1న కొత్త చట్టం వచ్చాక నంబర్లు మారాయి, సంగతి మారలేదు. మనసులో విన్నది ‘చెప్పినట్టా’ కాదా అని లాయర్లు కొట్టుకుంటారనుకోండి. ముందైతే సింహాచలంలో ముహూర్తం పెట్టించండి.

సీతమ్మధార అత్త:
నాకు పెళ్ళై 26 ఏళ్ళు. మా ఆయన మనసు వినక్కర్లేదు, చెప్పులు విడిచే చప్పుడుకే తెలిసిపోతుంది. అయినా రోజూ ‘ఏం జరిగింది?’ అని అడుగుతాను. చెప్తాడు, సగం అబద్ధం. ఆ అబద్ధం కోసమే అడుగుతానేమో. చంద్రం ఎప్పుడో విన్నాడమ్మా, ఆమె నోటితో చెప్పేదాకా విననట్టు ఉంటున్నాడు. సుభద్రకి ఆ సంగతి తెలుసు. ఎలా అంటావా, నీ గొడుగు ఉందిగా! అతను తెచ్చిచ్చినప్పుడు ఆమె పిడి పట్టుకుందా లేదా?

కూర్మన్నపాలెం రాత్రిబస్సు:
అత్తా! పట్టుకుంది. రెండు చేతులతో పట్టుకుందని నేనే రాశాను. హెడ్డు గారూ, మధ్యవర్తులుగా మామూలుగా ఎవర్ని పిలుస్తారో చెప్పండి. చెల్లీ, ఐసు నీళ్ళు వాడేసుకుంటున్నా. గాజువాక దాటింది, కిటికీ సీటు దొరికింది, రాస్తున్నా.