ధ్యానానికి హ్యాండ్‌పాన్: డి కుర్డ్ కొనమంటున్నారు, కొనవచ్చా?

సాగరతీరం:
రోజూ సాయంత్రం కాసేపు ధ్యానానికి కూర్చుంటాను. చిన్నప్పుడు గాత్రం వర్ణాల దాకా నేర్చుకున్నాను. రెండు ఉక్కు చిప్పలు అతికించినట్టుండి చేతులతో వాయించే హ్యాండ్‌పాన్ విన్నాక కొనాలనిపించింది. దుకాణంవారు డి కుర్డ్ అనే స్వరాల అమరిక ఉన్నది తీసుకొమ్మన్నారు, కానీ ధర వింటే గుండె ఝల్లుమంది. చూడటానికి అలాగే ఉండి, పైన నాలుకల్లా కోసిన ఉక్కు పలకలు మోగే టంగ్ డ్రమ్ చవకలో వస్తోంది, అది సరిపోదా? మాది విశాఖలో సముద్రం పక్క ఇల్లు. తుప్పు భయం కూడా ఉంది.

ఘటవాదకుడు:
నేను ఘటం వాయిస్తాను. ఇంట్లో హ్యాండ్‌పాన్ కూడా ఉంది. ఈ రెండూ చుట్టాలేనండి. ఘటం వాయించే రెటో వెబర్ అనే స్విట్జర్లాండ్ కళాకారుడు 1999లో బెర్న్‌లోని పానార్ట్ అనే వాద్యాల తయారీ సంస్థవారిని, చేతులతో వాయించడానికి వీలై స్వరాలు కూడా పలికే ఉక్కు వాద్యం చేయమని అడిగాడు. ఆ సంస్థకు చెందిన ఫెలిక్స్ రోనర్, సబీనా షేరర్ అప్పటికే ట్రినిడాడ్ స్టీల్‌పాన్‌లు చేస్తున్నారు. 2000లో వారి చేతుల్లో పుట్టినదే హాంగ్. 2013లో దాని తయారీ ఆపేశారు. మిగతావారు చేసేవాటికి హ్యాండ్‌పాన్ అనే పేరు నిలిచింది.

హ్యాండ్‌పాన్ అడుగున ఉన్న రంధ్రం చూశారా? ఒళ్లో పెట్టుకుని మోకాళ్లు దగ్గరకు తెస్తే మంద్రనాదం ఇంకా కిందికి దిగుతుంది. ఘటం మూతిని పొట్టకు ఆనించి మేము చేసే పని కూడా ఇదే.

మనసు నిలవడానికి కారణం వేరే ఉంది. మంచి పనివాడు ప్రతి స్వరస్థానంలోనూ సుత్తితో మూడు ధ్వనులను కుదురుస్తాడు: ఆ స్వరం, దాని పై స్థాయి, ఆ పైన పంచమం. ఒక్క వేలి తాకిడికి చిన్న తంబూరా మీటినట్టుంటుంది. పైగా ఎంచుకున్న స్వరాలు తప్ప మరొకటి అందులో లేదు, అపస్వరం పలుకుతుందన్న బెంగ ఉండదు.

ఇక డి కుర్డ్. రెండు శ్రుతిలో, అంటే ‘డి’ షడ్జంగా, నఠభైరవి రాగం స్వరాలవి. అయితే గమకం, అంటే స్వరాన్ని ఊపడం, పలకదు. భైరవి రాగం వాయిద్దామని కూర్చుంటే నిరాశే. కొన్నాక స్వరాలు మార్చుకునే వీలు కూడా లేదు కనుక ముందు మీ శ్రుతి చూసుకోండి. ‘ఎ’ స్వరాన్ని మామూలు 440 హెర్ట్జ్‌కు బదులు 432కు కట్టినది కొంటే ధ్యానం బాగా కుదురుతుందనే మాటకు డబ్బు పెట్టకండి. 440 ప్రకారం కట్టిన వాద్యాలతో అది కలవదు, అంతే.

నిదానం:
కళ్లు మూసుకుని కూర్చోవడానికి ఇంత ఖర్చు ఎందుకు? టంగ్ డ్రమ్ చాలు. డెనిస్ హావ్లెనా 2007లో ఖాళీ గ్యాస్ సిలిండర్‌ను కోసి అలాంటిది చేశాడు. నాది కిందపడినా ఇంకా పలుకుతోంది.

ఘటవాదకుడు:
గట్టిదే, కాదనను. కానీ ఆ నాలుకల్లో అనుస్వరాలను, అంటే అసలు స్వరంతోపాటు మోగే పై ధ్వనులను, ఇంత శ్రద్ధగా శ్రుతి చేయరు. ఆ తేడా చెవికి పట్టకపోతే నిదానం గారి మాటే వినండి, డబ్బు మిగులుతుంది.

సాగరతీరం:
నాకు తేడా తెలుస్తోంది. నాది ఐదు శ్రుతి. మరి డి కుర్డ్ వద్దా?

ఘటవాదకుడు:
తమాషా చూడండి. అదే వాద్యంలో మధ్యమాన్ని, అంటే మీ ఐదు శ్రుతి అయిన ‘జి’ని, షడ్జం చేసుకుంటే మీ శ్రుతిలో ఖరహరప్రియ రాగం స్వరాలు వస్తాయి. అయితే మామూలు తొమ్మిది స్వరాల డి కుర్డ్‌లో మీ కింది షడ్జం ఉండదు, పైది ఒక్కటే. పాడుతూ వాయించాలనుకుంటే అది ఇబ్బంది, వట్టిగా వాయించుకోవడానికి ఫరవాలేదు.

సముద్రం గాలికి స్టెయిన్‌లెస్ స్టీలుదే మేలు. నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. వేగంగా వాయిస్తే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, కానీ మీకు వేగంతో పని లేదు కదా. వాయించాక చేతి చెమట తుడిచి పెట్టండి, ఎండలో నిలిపిన కారులో వదలకండి. దుకాణంలో ఒక్కో స్వరం మోగిస్తూ, పక్క స్వరాలను అరచేత్తో అదిమి మళ్లీ వినండి. ధ్వని బాగా మారిపోతే అది వదిలేసి ఇంకొకటి చూపించమనండి. ఉంగరాలు ఇంట్లోనే తీసి వెళ్లండి.